అక్క ఎత్తు

నూనె చుక్క సీటు కింది గొట్టం అంచున ఒక్క క్షణం నిలిచి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు వణికి, సన్నటి సందులోకి జారిపోయింది. ఇంకో చుక్క. ఇంకొకటి. చాలు, ఇక గంటసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి, నూనె లోపలికి ఇంకాలి, పట్టేసినది పట్టు వదలాలి, అని తనకు తానే చెప్పుకుంటూ చెల్లెలు నూనెడబ్బా మూత బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, గోడకు చేరగిలబడింది. ఆదివారం మధ్యాహ్నం. ఆమె పనిచేసే కళ్లజోళ్ల కొట్టుకు సెలవు. వెనక గది రేకుల మీద వాన ఒకే ధాటిగా కురుస్తోంది. పక్కగదిలో అక్క నిద్రపోతోంది. మధ్య తలుపు ఓరగా తీసే ఉంది. వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా అక్క ఊపిరి వినిపిస్తోంది, వినిపించగానే చెల్లెలి ఊపిరి కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటోంది. ఎదురుగా స్టాండు మీద, చక్రాలు నేలకు ఆనకుండా, సైకిలు. తోమి తోమి మెరుగుపెట్టిన రిమ్ములు ఈ మసక వెలుతురులో కూడా తళుక్కుమంటున్నాయి. అక్క పందేల సైకిలు. ఇక పందేలది కాదు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు పోయి, దాని చోట వెడల్పాటిది, రెండు చేతులూ చాచి రమ్మన్నట్టుండేది వచ్చింది. గేర్లు పోయి వెనక ఒకటే పళ్లచక్రం మిగిలింది. బురద చిందకుండా మడ్‌గార్డులు వచ్చాయి, సంచి పెట్టుకోడానికి క్యారియరు వచ్చింది. అన్నీ అయ్యాయి. సీటొక్కటే ఉండిపోయింది, అక్క వదిలిన చోటే, అక్క ఎత్తునే.

మార్చమని చెప్పింది అక్కే. నర్సు వచ్చి ఒళ్లు తుడిచి వెళ్లిన ఒక పొద్దున, దిండ్ల మీద కాస్త ఎత్తుగా కూర్చోబెట్టాక, ఏదో కూరల సంగతి చెప్పినట్టు చెప్పింది. మాట అప్పటికే మొద్దుబారింది, నాలుక కింద ఏదో దాచుకుని మాట్లాడినట్టుండేది. అయినా ఆ అధికారం మాత్రం ఎక్కడికి పోతుంది, స్కూల్లో డ్రిల్లు టీచరు కదా, విజిలు లేకపోయినా విజిలు ఊదినట్టే ఉంటుంది. బస్సు కోసం నిలబడి నిలబడి నీ కాళ్లు వాస్తున్నాయే బుడ్డీ, ఆ బండి నువ్వు తీసుకో, నీకు వీలుగా మార్చుకో, అంది. పొట్టిగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు, బుడ్డి. వయసు ఎంత పెరిగినా ఆ పేరు మాత్రం పొడవు కాలేదు. నాకెందుకక్కా ఆ గుర్రం, అని చెల్లెలు తప్పించుకోబోయింది. అక్క కళ్లు చిట్లించి చూసింది. "నేను పోయాక దాన్ని గోడకి తగిలించి బొమ్మని చేశావంటే ఊరుకోను." ఊరుకోక ఏం చేస్తావేం, అని నవ్వుతూ అడగబోయి, పోయాక అన్న మాట దగ్గరే చెల్లెలి నోరు ఆగిపోయింది. అక్కే అందుకుంది. "కల్లోకి వస్తా. రోజూ వస్తా. చైనుకి నూనె వెయ్యలేదని తిడతా." ఇద్దరూ నవ్వారు. అక్క నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు ఆగక, పక్కకు తిప్పి వీపు రాసి, మూతి తుడిచి, జారిపోయిన కళ్లజోడును వేలితో పైకి నెట్టి, అంతా అయ్యేసరికి ఇందాకటి మాట నిర్ణయమైపోయింది. ఒప్పుకున్నది ఎప్పుడో చెల్లెలికి ఇప్పటికీ గుర్తులేదు.

వాన పెరిగింది. గొట్టం అంచున నూనె నల్లగా ఉంగరంలా నిలిచింది. ఇంకుతోందా, అలాగే ఉందా? లేచి చూడాలనిపించలేదు. ముసలి బండికి ముసలి సామానే పెట్టు, అని కూడా అక్కే షరతు పెట్టింది, కొత్తవి పెడితే పళ్లసెట్టు పెట్టుకున్నట్టుంటుంది, నవ్వినప్పుడల్లా తెలిసిపోతుంది. అందుకని చెల్లెలు కొట్టు కట్టేశాక పాత సామాన్ల వీధుల వెంట తిరిగింది. మేడమెట్ల కింద ఇరుకులో కూర్చునే ఆయన దగ్గరే సగం దొరికాయి. ఆ కొట్లో పైకప్పు కనిపించదు, చక్రాలూ చైన్లూ వేలాడుతుంటాయి, తల వంచుకుని వెళ్లాలి, చెల్లెలు మాత్రం వంచక్కర్లేదు, అక్కడ ఎత్తు తక్కువ కావడం మొదటిసారి పనికొచ్చింది. ఆయన బ్రేకు పిడులు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, దీని జతది ఉండాలి, ఎక్కడికీ పోదు, అంటూ డబ్బాలు వెతికేవాడు, తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతుకుతున్నంత ఆత్రంగా. ఎవరి బండమ్మా ఇది, అని అడిగాడు. మా అక్కది. ఆవిడ రాలేదే, చూసుకుంటే బాగుండేది కదా. నిద్రపోతోందండీ, అంది చెల్లెలు. ఇంకా చీకటైనా పడలేదు, ఈ వేళప్పుడు నిద్రా అన్నట్టు ఆయన చేతిలో బ్రేకుపిడి ఆగిపోయింది, తర్వాత మళ్లీ డబ్బాల్లోకి వంగాడు. ఇంటికొచ్చాక అక్క ఒళ్లో పెట్టింది ఆ పిడుల్ని. అక్క వేళ్లు ముడుచుకోవు, అందుకని చెల్లెలే అక్క అరచెయ్యి తెరిచి, లోహాన్ని అందులో ఆనించి, కాసేపు పట్టుకుంది. చల్లగా ఉంది, అంది అక్క.

ఆ చెయ్యే. మొదలైంది ఆ కుడిచేతిలోనే. కూడలిలో లారీ అడ్డం వస్తే బ్రేకు పడలేదని, కాలు నేలకు రాసి ఆపానని, బూటు అడుగు అరిగిపోయిందని, ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది అక్క. కేబులు తుప్పు పట్టుంటుంది. కేబులు మార్చారు. మళ్లీ అదే మాట, బ్రేకు బిగువుగా ఉందే, లాగితే రావట్లేదు. రబ్బర్లు మార్చారు, స్ప్రింగు మార్చారు, పిడి మార్చారు. మూలమీది సైకిలు మెకానిక్కు వేలితో ఇట్టే నొక్కి చూపించి, బాగానే ఉంది కదమ్మా, అన్నాడు. అక్కకు కోపం వచ్చింది, నీకు పందేల బండి సంగతి తెలీదులే, అంది. చెల్లెలు కూడా అక్క పక్షమే, మెకానిక్కు మీద కోప్పడింది, ఇంకోచోటికి తీసుకెళ్దాం పద, అంది. అలా ఎన్ని వారాలు ఆ బండిని ఇద్దరూ కలిసి తప్పుబట్టారో. పాపం, బండి ఏమీ అనలేదు. ఒక పొద్దున అక్క టీ గ్లాసు పట్టుకోబోయింది, గ్లాసు వేళ్ల మధ్యనుంచి, ఎవరూ తీసుకోకుండానే, కిందికి జారిపోయింది. నేల మీద గాజుముక్కలు, మధ్యలో ఆవిరి. ఇద్దరూ ఆ ముక్కల వంక చూశారు, తర్వాత వరండాలో ఉన్న సైకిలు వంక చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన పెద్ద పేరు చెల్లెలికి నోరు తిరగలేదు. అర్థమైంది మాత్రం ఒక్కటే, ఇది చేత్తో ఆగదు.

కళ్లజోళ్ల కొట్లో మరలు ఎంత చిన్నవో. తుమ్మితే ఎగిరిపోతాయి. ఒకటి కింద పడిందంటే చెంప నేలకు ఆనించి వెతకాలి, అలా వెతికినప్పుడు ప్రపంచమంతా నేలబారుగా, మనుషులంతా చెప్పులుగా కనిపిస్తారు. చెల్లెలికి ఆ పని ఇష్టం. కొత్త అద్దాలు పెట్టుకున్నవాళ్లు ముందు దూరానికే చూస్తారు, వీధి చివర బోర్డు చదువుతారు, చెట్టు మీది ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయని ఆశ్చర్యపోతారు, ఆ తర్వాతే తన వంక తిరిగి బాగుందమ్మా అంటారు. చిన్న మరలతో చిన్న సుఖాలు. సైకిలు మరలు అలాంటివి కావు. వాటికి ఒంటి బరువంతా వెయ్యాలి. మొదటి రోజు పెడలు విప్పడానికి పానా మీద నిలబడాల్సొచ్చింది. గదిలోంచి అక్క అరుస్తూనే ఉంది, అటు కాదే, ఎడమ పెడలు తిరగేసి తిరుగుతుంది, ఎన్నిసార్లు చెప్పాలి! చక్రం ఇరుసులో పాత గ్రీజు నల్ల బెల్లంలా గడ్డకట్టింది, కిరసనాయిలులో కడిగితే లోపల ఉక్కు గోలీలు బయటపడ్డాయి, ఒక్కదాని మీద కూడా గీత లేదు. చూపిస్తే అక్క గర్వపడింది. అంత తొక్కినా చూడు, అంది. చెల్లెలు వాటిని కళ్లజోడు అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచింది. తుడుస్తుంటే ప్రతి గోలీలో వంగిన కిటికీ, కిటికీ ముందు మంచం, మంచం మీద సన్నటి గీతలాగా అక్క.

ఆ గీతే. అక్క నిలబడితే గుమ్మం నిండిపోయేది. పెళ్లిళ్లలో ఫొటో తీసేవాళ్లు అక్కను వెనక వరసకు పంపేవాళ్లు, చెల్లెల్ని ముందుకు లాగేవాళ్లు, అందుకని ఇద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. పందేల రోజుల్లో చెల్లెలు తువ్వాలూ నీళ్ల సీసా పట్టుకుని కంచె దగ్గర నిలబడేది, ఎవరమ్మా నువ్వు అని అడిగితే ఆవిడ చెల్లెల్ని అనేది, అదే ఆమె ఉద్యోగం, అదే ఆమె ఊరూ పేరూ. గుంపుగా సైకిళ్లు గాలి చీల్చుకుంటూ వచ్చేవి. మొహాలు కనిపించేవి కావు, అందరివీ వంగిన వీపులే. అయినా అక్క ఎక్కడుందో చెల్లెలికి తెలిసిపోయేది, అన్నిటికంటే ఎత్తున ఉన్న సీటు ఏదో చూస్తే చాలు. ఒకసారి అక్క ఆమెను ఎత్తి ఆ సీటు మీద కూర్చోబెట్టింది. కాళ్లు రెండూ గాల్లో వేలాడాయి, పెడళ్లు ఎక్కడో పాతాళంలో ఉన్నాయి, కళ్లు గట్టిగా మూసుకుని దించెయ్యక్కా దించెయ్యక్కా అని ఏడ్చింది. పెద్దయ్యాక తొక్కుదువులే, అని దించింది అక్క. పెద్దదయింది. వయసే వచ్చింది, కాళ్లు రాలేదు. ఎవరిదో ఆడపిల్లల సైకిలు మీద వీధిలో నాలుగు రోజులు నేర్చుకుని, అక్కడితో వదిలేసింది.

ఇప్పుడు అక్క ఎంత ఎత్తు? చెప్పడం కష్టం. పడుకున్న మనిషికి పొడవే ఉంటుంది గాని ఎత్తుండదు. నర్సూ తనూ కలిసి పక్కకు తిప్పినప్పుడు పాదాలు మంచం చివర తగులుతాయి, దుప్పటి చాలదు, కింది నుంచి చలి వేస్తుందని మేజోళ్లు తొడుగుతుంది, అంతే. చీరలు పొట్టివయ్యాయని గొణిగే అక్క, అటకమీది డబ్బా స్టూలు లేకుండా దించే అక్క, బస్సులో పై కమ్మీ పట్టుకుని చంక కింద చెల్లెలికి చోటిచ్చే అక్క, ఆ అక్క ఎత్తు ఇప్పుడు ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఒక్క చోట ఉంది. ఎదురుగా. స్టాండు మీద. సైకిలు నేల మీద పెట్టి, పక్కన నిలబడి ఆ సీటు మీద చెయ్యి వేస్తే, అక్క నడుం మీద చెయ్యి వేసినట్టే, అదే ఎత్తు, తోలు మీద అక్క కూర్చున్న చోట రెండు నున్నటి పల్లాలు.

అందుకే. చెల్లెలు ఆ మాటను దాటవెయ్యబోయింది, వాన వినబోయింది, రేకుల చివర ధార కింద పెట్టిన బకెట్టు నిండిందేమో అనుకోబోయింది. మాట వదల్లేదు. ఎన్నో ఆదివారాలుగా నూనె వేస్తోంది. వేసి, గంటసేపు కూర్చుని, తుడిచేసి, లోపలికి వెళ్లి, రావట్లేదక్కా, బాగా పట్టేసింది, అంటోంది. అక్క, వచ్చే వారం చూడు, అంటోంది. సీటు గొట్టాన్ని బిగించి పట్టుకునే బోల్టు ఒకటి ఉంది, వెనకవైపు, చిటికెనవేలంత. ముందు దాన్ని విప్పితేగాని ఎంత నూనె పోసినా గొట్టం కదలదు. ఆ సంగతి చెల్లెలికి మొదటి రోజునుంచీ తెలుసు. ఆ బోల్టు మీద ఆమె ఇంతవరకూ పానా పెట్టలేదు.

"బుడ్డీ."

ఎప్పుడు మెలకువ వచ్చిందో. చెల్లెలు ఒక్క ఉదుటున లేచి వెళ్లింది. అక్క కళ్లు తలుపు వైపే ఉన్నాయి. కళ్లజోడు పెట్టి, దిండు సరిచేసి, చెంచాతో నీళ్లు తాగిస్తుంటే అక్క మింగడానికి చాలాసేపు తీసుకుంది.

"వచ్చిందా?"

"లేదక్కా. బాగా పట్టేసింది."

అక్క ఆమె వంకే చూసింది. ఆ చూపు చెల్లెలికి తెలుసు, కసరత్తు ఎగ్గొట్టి కడుపునొప్పి అని చెప్పే పిల్లల్ని చూసే చూపు. "నేను ఇక్కడ పడుకుని ఏం చేస్తాననుకున్నావే? వింటుంటా. నువ్వు పెడలు విప్పింది విన్నా. గోలీలు కడిగింది విన్నా. చైను తెగితే నువ్వు నన్ను తిట్టింది కూడా విన్నా." ఊపిరి కోసం ఆగింది. "ఆ బోల్టు తిప్పిన చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు."

చెల్లెలు చెంచా గ్లాసులో పెట్టింది. మంచం పట్టె మీద తల ఆనించి, చిన్నపిల్లలా, ముక్కు కారేలా ఏడ్చింది. నిమరడానికి అక్కకు చెయ్యి లేవదు. నిమరాలని అక్క ప్రయత్నించడం మాత్రం దుప్పటి కింద వేళ్ల కదలికలో తెలిసింది.

"అది దించితే నువ్వు... ఇక ఎప్పటికీ..."

"దించకపోతే లేచి తొక్కుతానా?" అంది అక్క, మెల్లగా. కోపం లేదు. "నాకు మెడ నిలబడుతుండగానే చూడాలని ఉందే. ఇక్కడికి తీసుకురా. నా ముందు విప్పు."

చెల్లెలు మొహం కడుక్కుని, సైకిలును స్టాండు మీదనుంచి దించి, రెండు గదుల మధ్య గుమ్మం దాటించి, మంచం పక్కన నిలబెట్టింది. అందులో ఇంకేమీ ఆలోచించనివ్వని సుఖం ఉంది, చక్రం గుమ్మానికి తగలకుండా చూసుకోవాలి, అంతే. పానా పెట్టి తిప్పింది. బోల్టు కిర్రుమంది. అక్క కళ్లు మూసుకుని విన్నది. "నా చెయ్యి దాని మీద పెట్టు," అంది. చెల్లెలు ఆ బరువులేని చేతిని ఎత్తి సీటు ముక్కు మీద పెట్టి, జారకుండా పైన తన చెయ్యి వేసి, ఫ్రేమును మోకాళ్లతో బిగించి, ఊపిరి బిగబట్టి, తిప్పింది. పెనుగులాడాల్సి వస్తుందనుకుంది. ఏమీ లేదు. వెన్నలో చాకులా తిరిగింది. అన్ని ఆదివారాల నూనె లోపల తన పని తాను ఎప్పుడో చేసేసింది, అది ఎప్పుడో వదిలేసింది, ఊరికే ఆ చోట నిలబడి ఉంది, అంతే.

"కిందికి," అంది అక్క.

చెల్లెలు కొంచెం దించింది.

"ఇంకా."

ఇంకొంచెం. లోహం లోహంలోకి మెత్తగా దిగింది. అక్క చెయ్యి కూడా సీటుతోపాటే దిగింది.

"ఇంకా దించు. నా మనసు కష్టపెట్టకూడదని ఎత్తులో ఉంచావంటే రోడ్డు మీద పడేది నువ్వే. ఎక్కి కూర్చో."

కూర్చుంది. కాళ్లు నేలకు అందాయి. మడమలు కూడా ఆనాయి. అక్క పెదవి విరిచింది. "మరీ అంత వద్దు, మోకాళ్లు పోతాయి. మునివేళ్లు తగిలితే చాలు." దిగి, వేలి మందం పైకి లేపి, బోల్టు బిగించి, మళ్లీ కూర్చుంది. అక్క పడుకునే, కింది నుంచి పైకి, చాలాసేపు చూసింది. ఇద్దరి మధ్యా ఎన్నడూ లేని ఆ చూపు కోణానికి చెల్లెలికి ఎటు చూడాలో తెలియలేదు. "సరిపోయింది," అంది అక్క. ఆ మాట బాగానే అంది, ఒక్క అక్షరం కూడా మొద్దుబారలేదు. తర్వాత మొహం గోడ వైపు తిప్పమంది. చెల్లెలు తిప్పింది, కళ్లజోడు తీసింది, కళ్లు తుడవమని అడిగేదాకా తుడవకుండా ఆగింది. అక్క అడగలేదు.

నర్సు వచ్చేసరికి వాన వెలిసింది. ఇద్దరూ కలిసి అక్కను కుర్చీలోకి మార్చి, మెడకు రెండు వైపులా దిండ్లు పెట్టి, కళ్లజోడు తగిలించి, వీధి కిటికీ దగ్గరకు తోశారు. చలిగాలి తగులుతుందని నర్సు అద్దం మూసింది. చెల్లెలు సైకిలును మెట్లు దించింది. తడి రోడ్డు, గుంటల్లో ఆకాశం, అటూ ఇటూ ఎవరూ లేరు, అదొక అదృష్టం. ఎక్కింది. ఒక పక్కకు ఒరిగింది, కాలు ఆనించింది, మునివేళ్లు అందాయి. మళ్లీ ఎక్కింది. ఈసారి బండే ముందుకు లాక్కుపోయింది, అంత తేలిగ్గా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇన్నాళ్లూ కంచె ఇవతల నిలబడి చూసింది ఇదా? అక్కకు తెలిసినది, ఎవరికీ చెప్పడం చేతకానిది, ఇదా? కిటికీ ముందుగా వెళ్తూ చెయ్యి ఊపాలనుకుంది. హ్యాండిలు వదిలితే పడతానని భయం వేసింది. కిటికీలో అక్కకూ చెయ్యి లేవదు. ఒకరినొకరు చూసుకున్నారు, అంతే, చూస్తుండగానే కిటికీ వెనక్కి పోయింది.

మలుపు దగ్గర దిగి, నడిపించి, తిప్పి, మళ్లీ ఎక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఎన్నిసార్లు తిరిగిందో చూసుకోలేదు. వీధిదీపాలు వెలిగే వేళ, ఆఖరిసారి కిటికీ దగ్గరికి వస్తూ, పడితే పడ్డాను అనుకుని ఎడమచెయ్యి హ్యాండిలు మీదనుంచి తీసి పైకెత్తింది. బండి అడ్డదిడ్డంగా ఊగింది. పట్టు దక్కించుకుని తల తిప్పి చూస్తే, దీపం వెలుగులో, అద్దం వెనక, అక్క మొహమంతా భయం, ఆ భయం వెనకే కోపం, పెదాలు కష్టపడి కదులుతున్నాయి. మాట అద్దం దాటలేదు. అయినా చెల్లెలికి తెలిసింది.

"ముందు చూడవే!"

చెల్లెలు ముందుకు చూసింది.